నీ కంచంలో అల్లుకున్న గడ్డి

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్నే నీ సమాధికి సున్నం వేసి వచ్చాం. ఈ కాపుతో నీ పుట్టగొడుగుల షెడ్డు మూసేద్దామని నాన్నా నేనూ అనుకున్నాం.

పోయిన నెల, కాపైపోయిన సంచుల్లోని గడ్డిని నీలాగే కొబ్బరిచెట్ల మొదట్లో పోస్తుంటే, నీకు పుట్టగొడుగుల పెంపకంలో శిక్షణ ఇచ్చిన మేడమ్ గారు వచ్చి ఆపారు. "పారబోయకండమ్మా, దాంట్లో పుట్టగొడుగుల బూజు ఇంకా ప్రాణంతోనే ఉందండి. ఏ గిన్నెలో అదిమితే ఆ రూపం వచ్చేస్తుందండి. గాజుసామాన్ల పెట్టెల్లో థర్మాకోల్ బదులు అదే పెడుతున్నారండి" అన్నారు.

నేను నమ్మలేదు. అయినా ఆ గడ్డి నలిపి, తడిపి, కాస్త తవుడు కలిపాను. ఏడాదిగా బోర్లించే ఉన్న నీ స్టీలు కంచంలో అదిమి, పైన కవరు కప్పాను. వారానికి ఊడదీసి ఎండబెట్టాను.

ఈరోజు చేతిలోకి తీసుకుంటే అది గడ్డి కాదమ్మా, తెల్లటి కంచం! చెక్కలా గట్టి, బెండులా తేలిక. బంక లేదు, దారం లేదు. కంటికి ఆనని బూజుపోగులే అలా అల్లేశాయి. కంచంలో నువ్వు కొట్టించుకున్న పేరునీ వదల్లేదు. తిరగబడిన అక్షరాల్లో సన్నగా ఉబ్బి ఉంది, కరుణమ్మ అని.

నాన్న దాన్ని వేలితో తడిమి చూశారు.

"రేపటికి షెడ్డులోకి కొత్త గడ్డి నానబెట్టమ్మా" అన్నారు.