మిరప కల్లంలో లైక్రా నీడ

శనివారం

నిన్న అమ్మ మిరప కల్లంలో తొడిమలు తీస్తూ ఎండకు సొమ్మసిల్లి పడిపోయింది. అందుకే ఇవాళ లైక్రా గుడ్డను సాగదీసి నాలుగు గుంజలకు కట్టాను. నీడ తొడిమలు తీసే ఆడవాళ్ల మీదే పడింది. ఆరబోసిన కాయలను తాకనైనా లేదు.

అయినా కల్లం ఆసామి ఊగిపోయాడు. "కల్లంలో నీడేందే? ఎండ తగలకపోతే కాయ తెల్లబడిపోద్ది! నీ డిబేట్లు కాలేజీలో పెట్టుకో!"

"కాయకున్నపాటి విలువ మనిషికి లేదా, బాబాయ్?"

ఆయన మొహం తిప్పుకొని కాయల కుప్ప వైపు వెళ్లిపోయాడు. అప్పుడు అమ్మే లేచి ముడులు విప్పింది.

"గెలిచావులే. రేపు నన్ను పనికి పిలవకపోతే ఏం చేస్తావే?"

తలమీద తువ్వాలు కప్పుకొని మళ్లీ ఎండలోనే కూర్చుంది. ఆయన మీద నా కోపం న్యాయమైనది. అమ్మ మీద రగులుతున్న ఈ కోపాన్ని ఏ వాదనతో సమర్థించుకోను...