ఆరో పెట్టె

మార్చి 9, ఆదివారం

అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు. మేమంతా కులాసా. మీరిద్దరూ కులాసాగానే ఉన్నారని వదిన ఫోను చేసినప్పుడల్లా చెబుతూనే ఉంది కాబట్టి, క్షేమమని తలుస్తానంటూ ఆనవాయితీకి రాయడం లేదు. నీ మేనకోడలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ‘స’ అనబోతే ఈల వస్తోంది. లైబ్రరీలో నన్ను పత్రికల గది నుంచి రిఫరెన్సు గదికి మార్చారు. కిటికీ పక్కనే కుర్చీ. చలికాలమంతా వీపుకి ఎండ తగులుతూ హాయిగా గడిచిపోయింది. ఇంతకంటే ఏం కావాలి చెప్పు!

ఫోనులో మన మాటలు ఎవరో వింటారని నీ నమ్మకం కదా, అందుకే ఉత్తరం. కవరు నేనే అంటించాను. ఒకవేళ ఊడి ఉంటే జిగురు పాతదని అర్థం, ఇంకేమీ అనుకోకు.

నువ్వు చెప్పే ప్రతి కుట్రకీ నోటుబుక్కులో పదికి మార్కులు వేసేదాన్ని, గుర్తుందా? నావి మూడే ప్రశ్నలు. ఎంతమంది నోరు మూసుకోవాలి, ఎవరికి లాభం, ఎక్కడైనా కాగితం ముక్క ఉందా. చనిపోయిన పాత నాయకుడు బతికే ఉన్నాడనీ, గడ్డం పెంచుకుని ఎక్కడో సైకిళ్ళు బాగుచేస్తున్నాడనీ అన్నావు. ఒక మార్కు వేశాను, అదీ గడ్డానికి. ఎన్నికల రోజున పురపాలక కార్యాలయం గడియారాన్ని కావాలనే వెనక్కి తిప్పారన్నావు. పనిగట్టుకుని వెళ్ళి వాచ్‌మన్‌ని అడిగాను. నాలుగు నిమిషాలు వెనకబడ్డ మాట నిజమేనట. కానీ గడియారం వెనకబడితే ఓట్లు వేసే టైము పెరుగుతుంది గాని తగ్గదు కదా అన్నయ్యా! అయినా కాస్త నిజముంది కాబట్టి మూడు వేశాను.

ఆరో పెట్టెకి రెండు వేశాను. అక్కడే మనిద్దరికీ చెడింది.

వార్డు ఎన్నికలప్పుడు బళ్ళో ఓట్ల పెట్టెలు ఆరు ఉన్నాయని, ఆరోదాంట్లోనే నీ ఓటు వేశావని చెప్పావు. మర్నాడు లెక్కపెట్టినవి ఐదు. రికార్డులో రాసిందీ ఐదే. గెలిచినవాడి మనుషులు ఆ పెట్టెని ఏట్లో పారేశారని నువ్వు. అదే నిజమైతే పోలీసులు, గుమస్తాలు, ఏజెంట్లు కలిపి నలభై మంది నోరు మూసుకోవాలి, మన వీధిలో ఇద్దరికే అది చేతకాదు అని నేను. భోజనాల దగ్గర మీ బావగారు పగలబడి నవ్వి, పెట్టెకి కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోయిందేమో బావా అన్నారు. నువ్వు అన్నం మధ్యలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయావు. మళ్ళీ మా గడప తొక్కలేదు. మూడేళ్ళయింది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల బళ్ళో ఆటసామాను గది గోడ చెమ్మ పట్టిందని, గోడకి బిగించి ఉన్న చెక్క బీరువా పీకించారు. వెనక గోడలో గూడు ఉంది. గూట్లో నీ పెట్టె ఉంది. లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

అప్పటి ఎన్నికల అధికారి ఇప్పుడు రిటైరయ్యాడు. కబురు పంపితే వచ్చి, పెట్టెని చూడగానే జరిగిందంతా ఒప్పుకున్నాడట. ఆ సాయంత్రం జల్లు కొడుతోందని ఎవరో దాన్ని ఆ గూట్లోకి జరిపారు. మర్నాడు పొద్దున్నే ఎవరో వడ్రంగి వచ్చి, గూడు కప్పేస్తూ బీరువా బిగించి వెళ్ళాడు. పెట్టె తగ్గిందని మధ్యాహ్నానికి గాని తెలియలేదు. అధికారీ, గుమస్తా గది గదీ గాలించారు. బీరువా తలుపులు కూడా తీసి చూశారట, దాని వెనక చూడాలని తోచలేదు. ఉద్యోగాలు పోతాయని హడలిపోయి, ఉన్నవే ఐదని రాసేశారు. నేను నలభై నోళ్ళు కావాలన్నాను. రెండు నోళ్ళతో సరిపోయింది. ఇన్నాళ్ళూ నా ప్రశ్నల్లో మనుషుల భయానికి చోటే లేదన్నయ్యా.

మొన్న గురువారం అందరి ఎదుటా పెట్టె తెరిచారు. ఏ పార్టీకీ చెందని సాక్షి కావాలని లైబ్రరీ నుంచి నన్ను పిలిచారు. రెండు వందల పద్నాలుగు ఓట్లు. గెలిచినవాడే గెలిచాడు, కాకపోతే తేడా తొంభై నుంచి ముప్పై ఒకటికి దిగింది. మడత విప్పిన ప్రతి కాగితాన్నీ చూసి ఇది మా అన్నయ్యదేమో అనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. పక్కనున్నాయన దుమ్ము పడిందా అమ్మా అని అడిగితే, అవునండీ అన్నాను.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసి రెండు కొట్టేశాను. పెట్టె ఉందన్నందుకు పది. లెక్క తప్పు రాశారన్నందుకు పది. ఏట్లో పారేశారన్నందుకు మాత్రం సున్నా, ఏమీ అనుకోకు. ఈ మూడేళ్ళలో పెట్టెనే మార్చేశారంటావని నాకు తెలుసు. ముద్ర మీద సాలీడు గూడు అల్లుకుని, కాపురం పెట్టి, సంతానాన్ని కూడా కన్నది. దానికి ఒకటే ఇస్తాను.

నువ్వు కళ్ళారా చూసింది చెబితే నేను మార్కులు వేశాను. తప్పు నాదే, మన్నించు. వచ్చే ఆదివారం నువ్వూ వదినా భోజనానికి రండి. పిల్ల నీకు ఈల వినిపించాలని కాచుకుని కూర్చుంది.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
చెల్లెలు

తా.క.: ఆ వడ్రంగి ఎవరో పైన రాయలేదు. మీ బావగారే. తనే స్వయంగా రాస్తానని మూడు రోజులు కాగితం ముందేసుకుని కూర్చుని, ‘బావకి’ దగ్గరే ఆగిపోయారు. గూట్లో ఏదో పాత సామాననుకుని, అడ్డొస్తోందని తన చేత్తోనే వెనక్కి నెట్టారట. పెట్టె దొరికిన రోజునే అధికారుల దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే చెప్పేశారు. నీకు చెప్పడమే కష్టంగా ఉందిట. పిల్ల ఇదంతా విని, అయితే నాన్న కూడా కుట్రలో ఉన్నాడా అని అడిగింది. అది మావయ్య వచ్చి తేల్చాలి అన్నాను.