మూడో బేరింగు

చిన్నోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం రివాజు కాబట్టి నేనూ రాస్తున్నాను. పోయిన రేవు నుంచి నువ్వు ఉత్తరంతో పంపిన ఫొటో చూసి, ఓడ ఇంజను గదిలో ఆ వేడికి సగమైపోయావని మీ అక్క ఒకటే గోల. వేళకి తిను నాయనా.

ఓడ ఇరుసు కింద కొత్తగా వేసిన మూడో బేరింగు మిగతావాటికన్నా వేడెక్కుతోంది, నాన్ననడుగు అన్నావుగా. అడిగాను. "కొత్త కోడలు కదే, సర్దుకోడానికి నాలుగు రోజులు పట్టదూ?" అని నవ్వేశారు. తను పోత పోసిన బేరింగు మీద కొడుకు ఓడ నడుస్తోందని ఫ్యాక్టరీలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. మనిషి నేల మీద నిలవడం లేదు.

నాకు మాత్రం మనసొప్పలేదు. ప్రతి పోత నుంచీ ఒక ముక్క ఫ్యాక్టరీలోని మా ల్యాబులో దాస్తాం కదా, దాన్ని సానబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టాను. మెత్తని తగరంలో గట్టి పలుకులు సన్నగా, అంతటా సమంగా ఉండాలి. అప్పుడే ఇరుసుకి గీత పడదు, బేరింగూ అరగదు. ఇందులో పలుకులు రాతిఉప్పులా పెరిగిపోయి ఒక పక్కకి తేలాయి. లోహం మరీ కాగిపోయి, నెమ్మదిగా చల్లారితే ఇలా అవుతుంది. ఇలాంటిది ముందు వేడెక్కుతుంది, ఆ తర్వాత రేకులు రేకులుగా ఊడుతుంది.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. "ఒక్క ముక్క చూసి నడిసముద్రంలో ఓడ ఆపమంటారా అమ్మా? పోసింది మీవారేగా, ఇంకేం భయం?" అన్నాడు. ఓడ కంపెనీకి ఫోను చేస్తే, ఫ్యాక్టరీ నుంచి కాగితం రానిదే కబురు పంపడం కుదరదన్నారు. తల బాదుకోవడం తప్ప నేనేం చెయ్యనురా?

ఇందాకటి నుంచీ అసలు సంగతి నానుస్తున్నాను. లోహం ఎంత కాగిందో మీ నాన్న ఎండుపుల్ల ముంచి చూస్తారని నీకు తెలుసు. పుల్ల గోధుమరంగుకి తిరిగితే పోస్తారు, నల్లబడితే మరీ కాగిందని ఆగుతారు. మొన్న నా నల్ల శాలువా చూసి, "ఈ గోధుమరంగు నీకు భలే ఉందే" అన్నారు. ఆయన కళ్లకి పొర కమ్మింది కన్నా. ఆ సంగతి ఆయనకే తెలీదు. చెబుదామంటే నాకు నోరు రావడం లేదు. రేపు మళ్లీ పోత ఉంది. ఈ ఉత్తరం పోస్టులో వేసొచ్చి చెప్పేస్తాను.

ఓడ రేవు చేరితేగానీ ఇది నీ చేతికి రాదు. అందిన వెంటనే మీ చీఫ్ ఇంజనీరుకి చూపించు. ఆ బేరింగు విప్పి చూడందే ఓడని కదలనివ్వద్దు. ఎవరు పోశారని అడిగితే నాన్న పేరే చెప్పు, ఇక్కడ ఏం జరిగినా నేను పడతాను.

పక్కగదిలో ఆయన రేపటికి పుల్లలు ఏరుకుంటున్నారు. "నా బేరింగు చల్లబడిందేమో అడుగు" అని కేకేశారు. "అడిగానండీ" అన్నాను.

చల్లబడిందా కన్నా?

ఇట్లు,
ఓడ రేవు చేరిందన్న మాట కోసం చూస్తున్న
మీ అమ్మ