మా అక్క మళ్లీ మైకు పట్టుకునేలోగా

చిత్తూరు విద్యుత్ భద్రత తనిఖీ అధికారి గారి సముఖమునకు,
మిట్టకండ్రిగ కాపురస్తుడు, మైకుసెట్టు యజమాని మునిరామయ్య వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: మహాభారత ఉత్సవంలో హరికథ కళాకారిణికి కరెంటు షాకు తగులుటకు నా మైకుసెట్టే కారణమని నమోదు చేయుట – ఆ ఉత్సవానికి కరెంటిచ్చిన జనరేటరును తనిఖీ చేయించమని కోరుట – గురించి.

1. షాకు తగిలిన ప్రసన్నకుమారి భాగవతారిణి నా తోడబుట్టిన అక్క. జనరేటరు యజమాని మునిచంద్ర ఆమె అల్లుడు, అనగా నా మేనకోడలు లోహిత భర్త. ఈ బంధుత్వాలతో తమ కార్యాలయానికి పని లేదని ఎరుగుదును. అయితే అవి తెలియనిదే తక్కినది అర్థం కాదు గనుక మొదటనే వ్రాసుకొనుచున్నాను.

2. ఆ మధ్యాహ్నం ధర్మరాజుల గుడి ముందర, పందిట్లో హరికథ. కరెంటు కోత ఉంటుందని ఉత్సవ కమిటీ వారు మునిచంద్ర జనరేటరు పెట్టించారు. జనరేటరు నిలకడగా తిరిగేదాకా నా వస్తువు ఒక్కటి కూడా దానికి తగిలించే అలవాటు నాకు లేదు. మొదట మీటరు పెట్టి వోల్టేజి చూస్తాను. తర్వాత ఎర్తు కడ్డీ భూమిలోకి బాగా దిగిందా, దాని తీగ బిగువుగా ఉందా అని చూస్తాను. ఆఖరున ట్రిప్ స్విచ్చి బొత్తాం నొక్కి చూస్తాను. కరెంటు ఎక్కడన్నా లీకయితే సరఫరాను ఆపేది అదే. ఆ దినం అన్నీ సరిగానే ఉన్నాయి. ఇంటల్లుణ్ణి కూడా నమ్మవా మామా అని మునిచంద్ర నవ్వాడు. నేనూ నవ్వాను.

3. అక్క కథ ఎత్తుకున్న కాసేపటికి చినుకులు పడ్డాయి. పందిరి ఇనుప స్తంభాలకు చుట్టిన సీరియల్ లైట్ల తీగలు తడిసి, ట్రిప్ స్విచ్చి పడిపోయింది. అది చేయవలసిన పని అది చేసింది. లైట్ల తీగ మొత్తం తీసేయమని మునిచంద్రకు చెప్పి, స్పీకర్ల మీద టార్పాలిన్ కప్పడానికి పందిరి వెనక్కు వెళ్లాను. ఇంతలో మైకు మళ్లీ పలికింది. తీసేశావా అని అక్కడినుంచే అడిగాను.

"తీసేసినా మామా. ఇంక పడదు," అన్నాడు.

4. అక్క ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చేత్తో మైకు స్టాండు సరిచేసుకోబోయి అట్లే బిగుసుకుపోయింది. కథలో అది ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే ఘట్టం. అభినయమనుకుని జనం చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చున్న మృదంగం గురప్ప కూడా వాయిస్తూనే ఉన్నాడు. మా అక్క కథలో ఎట్లా ఏడుస్తుందో చిన్నప్పటినుంచి చూసినవాణ్ణి, ఆ ముఖం అది కాదు. పరుగెత్తి జనరేటరు ఆపేశాను.

ఆపిన చోటే చూశాను. ట్రిప్ స్విచ్చి ప్రమేయం లేకుండా ఒక తీగ ముక్కతో లైను నేరుగా కలిపి ఉంది. లైట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే కరెంటు ఉన్నది స్తంభంలో. మైకుకు ఎర్తు ఉన్నందువల్ల స్తంభంలోని కరెంటు అక్క ఒంటి గుండా మైకులోకి దారి చేసుకుంది. చూసినవారికి కనిపించింది మైకు ఒక్కటే.

అక్క ప్రాణం దక్కింది. కుడి అరచేయి కాలింది. ఆ వేళ్లతో చిరతలు పట్టలేకున్నది.

5. పోలీసులు వచ్చేసరికి ఆ తీగ ముక్క లేదు. మునిచంద్ర నా కళ్లలోకి చూస్తూనే, మామ మైకులో లోపమని చెప్పాడు. దానికి నేను పెద్దగా బాధపడలేదు. మా అక్క ఉండగా నాకేమి అనుకున్నాను. తిరుపతి ఆసుపత్రిలో ఆమెకు తెలివి రాగానే, నేను కళ్లారా చూసినదంతా చెప్పి ఉన్నాను.

కానిస్టేబులు కాగితం తీసుకుని వచ్చినప్పుడు నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. అక్క నా వైపు చూడలేదు. మైకు పట్టుకున్నాను, షాకు కొట్టింది, నాకు తెలిసింది అంతే అని చెప్పి, ఎడమచేతి వేలిముద్ర వేసింది.

అతడు వెళ్లాక, ఎందుకక్కా అని అడిగాను.

"లోహిత కడుపుతో ఉండాదప్పా. పోలీసోళ్లు అల్లుణ్ణి తీసకపోతే దాని గతేమి? నీకు పోయేది మైకుసెట్టే కదా," అన్నది.

ఆమె చేతికి కట్టు ఉన్నందున, తెచ్చిన అన్నం నేనే కలిపి తినిపించి ఇంటికి వచ్చాను.

6. నా మైకుసెట్టును స్టేషనులో పెట్టుకున్నారు. ముందే నా సెట్టు మాట్లాడుకున్న ఊర్లవారు ఒక్కొక్కరే వద్దన్నారు. మా వీధిలో పెండ్లికి కూడా వేరే ఊరి సెట్టు తెచ్చుకున్నారు. మునిచంద్ర జనరేటరును మాత్రం ఇంతవరకు ఎవరూ విప్పి చూడలేదు. అది ఊరూరా తిరుగుతూనే ఉన్నది.

7. కావున తమరు దయయుంచి సదరు జనరేటరును, దాని ట్రిప్ స్విచ్చిని పరీక్ష చేయించవలెను. నా మైకును, తీగలను కూడా విప్పి చూడవలెను. లోపముంటే శిక్షకు సిద్ధము. మునిచంద్రను ఏమి చేయవలెనో నేను చెప్పను, అది తమ చట్టం చూసుకుంటుంది. మా అక్క వాంగ్మూలం అబద్ధమని వ్రాయమని కూడా కోరను. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మైకు పట్టుకున్నది, షాకు కొట్టింది. స్తంభం మాట చెప్పలేదు, అంతే. ఆ చెప్పని మాటకు నేను దోషినైతిని.

పై సంగతులన్నియు చిత్తగించవలెనని, న్యాయం ఆలస్యమైనను సరే, జనరేటరు తనిఖీ మాత్రం ఆలస్యం కారాదని వేడుకొను

తమ విధేయుడు,
మునిరామయ్య

తా.క. అయ్యా, ఈ అర్జీ ఇవ్వడానికి చిత్తూరు బస్టాండులో దిగుతుండగా అక్క ఫోను చేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట్లాడడం ఇదే మొదలు. ఈ సాయంత్రం రేణిగుంట దగ్గర ఆమె కథ ఉన్నది. ఎడమచేత్తో చిరతలు పట్టడం నేర్చుకుంటున్నదట.

"ఆడ కూడా అల్లుడి జనరేటరే పెట్టినారు. నువ్వొచ్చి సూసి, పట్టుకో అక్కా అంటేనే నేను మైకు పట్టుకుంటా. నేను పిలిచినానని మాత్రం ఎవురితోనూ అనొద్దప్పా," అన్నది.

వస్తానన్నాను. అర్జీని వెనక్కు తీసుకోవడం లేదు, తమ గుమాస్తా గారి చేతికిచ్చి రేణిగుంట బస్సు ఎక్కుతున్నాను. తమరు ఎవరినైనా పంపదలిస్తే ఈ సాయంత్రమే పంపండి. కథ అయిపోయేదాకా నేను ఆ జనరేటరు దగ్గరే నిలబడి ఉంటాను. నన్ను ఎవరు రమ్మన్నారని మాత్రం అక్కడ అడగవద్దని తమ వారికి చెప్పండి.