వదిన కుట్టిన లాగు

హెంగ్యాంగ్,
జనవరి, మొదటి ఆదివారం

అమ్మకు,

నీ చెయ్యి తీసుకుని నా నుదుటికి ఆనించుకున్నాననుకుని చదువు. ఇక్కడ నేను, నీ అల్లుడు రెనాంటే, పాప లువా బాగానే ఉన్నాం. చలికి నా చేతివేళ్లు వాచాయి తప్ప ఒంట్లో ఏ నలతా లేదు. నువ్వు, నాన్న, తమ్ముడు కులాసాగా ఉన్నారని, నాన్న మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

రెనాంటే వాళ్లక్కతో పంపిన నీ ఉత్తరం, నల్లబెల్లం, ఎండుచేపలు అందాయి. ఎండుచేపల్లో సగం విమానాశ్రయంలోనే తీసేసుకున్నారట. మిగతా సగం వదిన తన లంగాల అంచు మడతల్లో పెట్టి కుట్టేసి తెచ్చింది. ఇన్నేళ్లు ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి కదా, ఏది ఎక్కడ దాగుతుందో ఆవిడకు తెలుసు. అవి వేయించిన రోజు మా మేడమెట్లన్నీ మన ఊరి రేవులా వాసనేశాయి. కింద ఇంటి లియావో బామ్మ పైకొచ్చి తలుపు కొట్టి, ఎవరైనా చచ్చారా అని అడిగింది. రెండు ముక్కలు పెట్టాను. తిని, ఇంకో రెండు అడిగి పట్టుకెళ్లింది.

ఈ జవాబు కూడా వదిన సంచిలోనే వస్తోంది. ఫోను ఉండగా ఇంత రాయడం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు గొంతు సవరించుకుంటే చాలు, నేను సరే అనేస్తాను. కాగితం మీద నువ్వు నాకు అడ్డం రాలేవు. నేను చదివింది ఆరో తరగతే కాబట్టి తప్పులుంటే సర్దుకో.

నువ్వు అడిగినవాటికి ముందు చెబుతాను. లువాకు దగ్గు తగ్గింది. కింద రెండు పళ్లొచ్చాయి, అందినదల్లా కొరుకుతోంది. పాలు నావే ఇస్తున్నాను. ఇంట్లో చలికి ఏం చేస్తున్నారని అడిగావు. ఇక్కడ అందరికీ ఉన్నట్టే మాకూ బల్ల కింద కరెంటు పొయ్యి ఉంది. బల్ల మీద నేలదాకా దుప్పటి కప్పి, అందరం కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటాం. వదిన వచ్చిన రోజు రెనాంటేతో, "ఇదేం ఇల్లురా నాంటే, మనుషులు బల్లకు దుప్పటి కప్పి తాము వణుకుతారా?" అంది. మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గర నుంచి లేస్తే ఒట్టు. అన్నం అక్కడే, జపమాల అక్కడే. క్రిస్మస్ రోజున రెనాంటేకు సెలవు లేదు. పైగా తను ఇంగ్లీషు చెప్పే బడివాళ్లు అతనికి ఎర్రకోటు, దూదిగడ్డం తగిలించి పిల్లల మధ్య గంట వాయించమన్నారు. వదిన ఆ ఫొటో చూసి, "నిన్ను చదివించింది ఇందుకా?" అని కళ్లు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

వదినను బాగా చూసుకుంటున్నానా అని అడిగావు. చూసుకుంటున్నానమ్మా. మా మంచం ఆవిడకిచ్చి మేం కింద పడుకుంటున్నాం. మిరపకాయలు వెయ్యకుండా ఆవిడకు వేరే వండుతున్నాను.

ఇక పాపను తీసుకుని ఏ రోజు పడవలో వస్తున్నారు, నేను రేవుకు రావాలి కదా అని అడిగావు. దానికి జవాబు ఉంది. కానీ అది ఉన్నపాటున చెబితే నీకు అర్థం కాదు. కొంచెం ఓపిక పట్టు.

వదిన ఎందుకొచ్చిందో నీకు తెలుసు, మీరందరూ కలిసి అనుకున్నదే. లువాను తీసుకెళ్లి పగలు తను, రాత్రి నువ్వు పెంచాలని. రెనాంటే బడి యజమానురాలు తన మనవణ్ని చూసుకోవడానికి నన్ను రమ్మంది. పాప అక్కడుంటే నేను ఇక్కడ ఆ పని చెయ్యొచ్చని. ఈ మాటలన్నీ వదిన, రెనాంటే నా ఎదురుగానే అన్నారు. నేను తలొంచుకుని కూర్చున్నాను. మన దగ్గర తలొంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క కదా.

మధ్యలో ఒక సంగతి జరిగింది. అది నవ్వుకోడానికి రాస్తున్నాను, కానీ అది కూడా ఇందులోదే.

లియావో బామ్మ లువాకు దూదిపెట్టి కుట్టిన ఎర్ర లాగు ఒకటి ఇచ్చింది. ఇక్కడి పసిపిల్లల లాగులకు నడుమ చీలిక ఉంటుంది, కూర్చోబెడితే పని అయిపోతుంది. ఒక సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి వదిన ఆ లాగు చీలికను ముందు నుంచి వెనకదాకా కుట్టేసి కూర్చుంది. అంత చక్కని కుట్టు మిషను మీద కూడా రాదు.

"పాపం ముసలావిడ, చిరిగిన లాగు ఇచ్చింది. బాగుచేశాను. థాంక్సులేం వద్దని చెప్పు" అంది.

అప్పుడే బామ్మ పైకొచ్చింది. పిల్లను ఎత్తుకుని, చేత్తో తడిమి, గట్టిగా అరిచింది. "ఎవరే ఈ పని చేసింది? బిడ్డనేమన్నా మూట కట్టారా? ఆ పిల్ల ఎక్కడినుంచి పోస్తుంది, చెవుల్లోంచా?"

"ఏమంటోంది?" అని వదిన అడిగింది.

"కుట్టు చాలా బాగుందంటోంది వదినా" అన్నాను.

"చూశావా, పని తెలిసినవాళ్లకే పని విలువ తెలుస్తుంది. ఆవిడ దుప్పటి కూడా బాగుచేస్తానని చెప్పు. అడ్డదిడ్డంగా ఉంది."

"మీ అక్క ఏమంటోంది?" అంది బామ్మ.

"మీరిచ్చిన బట్ట చాలా మెత్తగా ఉందంటోంది బామ్మా."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసి తలూపుకున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మధ్య నేనే వంతెన. ఒకరు ఉప్పు వేస్తే ఇంకొకరికి పంచదార చేసి ఇచ్చాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే అనిపించింది, అందరికీ నచ్చే మాట చెప్పడం. రెనాంటేకు ఇక్కడి భాష రాదు. బడిలో ఇంగ్లీషు తప్ప వేరే మాట అతని నోట వినపడకూడదంటారు. నాకేమో బజారు నేర్పింది. మొట్టమొదట నేర్చుకున్న మాటలు ఏమిటో తెలుసా అమ్మా? వద్దు. ఎక్కువ చెబుతున్నావు. ఇది కుళ్లింది. ఇవ్వను. ఇవి రాకపోతే ఇక్కడ వంకాయ కూడా కొనలేవు. మన భాషలో ఈ మాటలు నేను పెద్దవాళ్లతో ఎప్పుడూ అని ఎరగను.

ఇక్కడ పుట్టిన బిడ్డ దేశం దాటాలంటే, పాస్‌పోర్టు ఉన్నా, ఇక్కడి పోలీసు ఆఫీసులో ముద్ర పడాలి. నలుగురం వెళ్లాం. వదిన మంచి గౌను వేసుకుంది. రెనాంటే క్లాసు మానుకుని వచ్చాడు. కౌంటరు వెనక మెడకు మఫ్లరు చుట్టుకుని ఒక కుర్ర పోలీసు కూర్చున్నాడు. కాగితాలు చూశాడు, నన్ను చూశాడు, నా ఒళ్లో ఉన్న లువాను చూశాడు. లువా అతని పెన్ను లాక్కోబోయింది.

"తల్లి వెళ్లడం లేదా?" అని అడిగాడు.

"లేదు."

"పిల్ల ఇంకా పాలు తాగుతోందా?"

"తాగుతోంది."

అతను పెన్ను కింద పెట్టాడు. "మరి తల్లి ఒప్పుకుందా?"

"ఏమంటున్నాడు జోవీ?" అని రెనాంటే అడిగాడు. "అవును అని చెప్పు, పంపించేస్తాడు. రెండో క్లాసుకు నేను అందుకోవాలి."

వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది ఆ చెయ్యి. ఎదురుగా ఆ పోలీసు నా నోటి వంక చూస్తున్నాడు. అమ్మా, నేను ఏమీ ఆలోచించలేదు. బజారులో అన్నట్టే అనేశాను.

"ఒప్పుకోలేదు."

గట్టిగానే అన్నట్టున్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా చూశారు. ఆ కుర్రాడు కాగితాలన్నీ ఒక దొంతిగా సర్ది, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. రెనాంటేకు కాదు, నాకు.

"ఏమైంది? ఏం చెప్పావు?" అంది వదిన.

పంచదార చెయ్యడానికి ఇంకా టైముంది. ఏదో కాగితం తక్కువైందట, మళ్లీ రమ్మన్నారు అంటే నమ్మేసేవాళ్లే. కానీ నాకు అప్పుడు నోరు తిరగలేదు. "అమ్మ ఒప్పుకుందా అని అడిగాడు వదినా. ఒప్పుకోలేదని చెప్పాను" అన్నాను. అప్పుడు మన భాషలోనే అన్నాను.

ఇంటికొచ్చి తలుపు వెయ్యగానే రెనాంటే మొదలుపెట్టాడు. "పదిమందిలో నా పరువు తీశావు. అక్క సముద్రం దాటి వచ్చింది. ఇంట్లో చెబితే పోయేదానికి అక్కడా?"

"ఇంట్లో నన్నెవరు అడిగారు?" అన్నాను. "నన్ను అడిగింది అతనొక్కడే."

రెనాంటే బూట్లు విప్పి గోడవార పెట్టాడు.

వదిన బల్ల దగ్గర కూర్చుని దుప్పటి మోకాళ్ల మీదకు లాక్కుంది. "నేనేమన్నా పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్నా అమ్మాయ్?" అంది. "వీణ్ని పెంచింది ఎవరు? నడుం విరిగేలా మిషను తొక్కి, పెళ్లి కూడా మానుకుని, వీణ్ని ఇంతవాణ్ని చేసింది ఎవరు? నా చేతిలో పెరిగితే నీ కూతురు చెడిపోతుందా?"

నేను కూర్చోలేదు. కూర్చుంటే తల వంచేస్తానని తెలుసు.

"మీలా పెంచేవాళ్లు ఎక్కడా లేరు వదినా" అన్నాను. "మీ అమ్మ పోయింది కాబట్టి మీరు పెంచారు. లువా అమ్మ పోలేదు. మీ ఎదురుగా నిలబడి ఉంది."

వదిన దుప్పటి అంచు మడతపెట్టింది. "నీకు నోరుందని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు" అంది.

"అప్పుడు లేదు."

అంతే. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. నేను మాత్రం కడుపునిండా తిన్నాను. నిజం చెబుతున్నాను, ఆకలి వేసింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వదిన కిటికీ దగ్గర వెలుతురుకు ఎర్ర లాగు పట్టుకుని, పిన్నీసు మొనతో ఒక్కొక్క కుట్టూ విప్పుతోంది. నేను దగ్గరకెళ్లి నిలబడ్డాను. తలెత్తలేదు. "ఇక్కడ ఉండేదానికి ఇక్కడి లాగే ఉండాలిగా" అంది. విప్పిన దారం నోటితో తడిపి, మళ్లీ ఉండకు చుట్టుకుంది. ఆవిడ నన్ను క్షమించిందని రాయడం లేదమ్మా. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. లియావో బామ్మతో మాత్రం, ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా, గంటలు గంటలు కబుర్లు చెబుతోంది. నన్ను మధ్యలోకి రానివ్వడం లేదు.

రెనాంటే రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. తర్వాత ఏమనుకున్నాడో, నేను పనికి రానని బడి యజమానురాలికి తనే చెప్పి వచ్చాడు. ఆవిడ ఏమందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకొకరి మనవడి ముక్కు తుడవడానికి నా కూతుర్ని పంపించాలా? పంపను. అతని జీతంతో అన్నం, కూర వస్తున్నాయి. కూర లేని రోజున అన్నమే తింటాం.

ఇప్పుడు నీ సంగతి. ఏ రోజు వస్తున్నారని అడిగావు. వదిన బుధవారం పడవలో వస్తుందని మాత్రం ఫోనులో చెబుతాను. ఒంటరిగా ఎందుకు వచ్చిందో ఈ ఉత్తరం చెబుతుంది. నువ్వు రేవుకు వచ్చే ఉంటావు, ఆవిడ సంచి బరువుగా ఉందంటే అందులో బామ్మ ఇచ్చిన మిరపపచ్చళ్లున్నాయి. ఊయల కట్టించానని నీ ఉత్తరంలో రాశావు. ఆ మాట రెండుసార్లు చదివాను. వదిన మీద కంటే నీ మీద ఎక్కువ కోపం వచ్చింది. ఇది దాచకూడదనే ఇంత రాశాను. నన్ను ఒక్క మాట అడగకుండా నువ్వెలా ఊయల కట్టావు? నువ్వు కూడానా అమ్మా?

నువ్వు హాంకాంగ్ వెళ్లకపోతే మేం పస్తులుండేవాళ్లం. నాకు తెలుసు. నేనున్న ఇంటి పైకప్పు, తమ్ముడి చదువు, నా ఆరో తరగతి, అన్నీ నువ్వు ఎవరి పిల్లలకో నీళ్లు పోసి తెచ్చినవే. నిన్ను తప్పు పట్టను. ఎవరైనా పడితే ఊరుకోను కూడా. కానీ నువ్వు మొదటిసారి సెలవు మీద వచ్చిన రోజు సంగతి అమ్మమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. నాకు నాలుగేళ్లట. నేను అమ్మమ్మ వెనక దాక్కుని, "ఈవిడ ఎవరు? ఎప్పుడు వెళ్లిపోతుంది?" అని అడిగానట. ఇంట్లో అందరూ నవ్వారట. నువ్వు కూడా నవ్వావట.

లువా నన్ను అలా అడిగితే నేను నవ్వలేనమ్మా. నేను పిరికిదాన్నని అందరూ అంటారుగా, నిజమే. నాకు అంత ధైర్యం లేదు.

ఊయల విప్పెయ్. విప్పి, ఆ గుడ్డ ఉతికి మడిచి నాకు పంపు. ఇక్కడ కిటికీ పక్కన గట్టి కొక్కెం ఒకటి ఉంది. లేదా గుడ్డ పట్టుకుని నువ్వే రా. మంచం నీకిచ్చి మేం కింద పడుకుంటాం. చలి సంగతి చెప్పాను కదా, బల్ల కింద ఇంకో జత కాళ్లకు చోటుంది.

ఇట్లు,
ఈసారి నీ మాట వినని కూతురు,
లువా వాళ్లమ్మ,
జోవెలిన్