గిరగిరకు తెలిసిన నాలుగు మాటలు

పరదాలమ్మ అంటే తప్ప ఎవరూ గుర్తుపట్టని నేను, కిటికీ పరదాలూ సోఫా గలీబులూ కుట్టి బతికినదాన్ని, మూడో అంతస్తులోని నా సొంత ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. గుండెలో ఒక కవాటమే సరిగా లేదు. దాన్ని మార్పించుకోవడానికి రేపు ఆసుపత్రిలో చేరుతున్నాను. ఎవరి బలవంతమూ, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్నాను, కానీ కోపంతో రాస్తున్నాను. కోపం ఉన్నంత మాత్రాన స్వస్థచిత్తం లేనట్టు కాదని వకీలును అడిగి తెలుసుకున్నాను. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగది.

నా వారసులు ఇద్దరు: లిఫ్టులు బాగుచేసే నా కొడుకు, పార్సిళ్లు పంచే నా కూతురు. ఇంట్లో నాతోపాటు ఉండే ప్రాణి గిరగిర. గొర్రెల మందలను తోలే జాతి ఆడకుక్క, నలుపూ తెలుపూ. సాయంత్రం నా కొడుకు దాన్ని తీసుకెళ్లడానికి వస్తున్నాడు. పశువుల డాక్టరు చేత సూదిమందు వేయించి చంపించడానికి. వాడు వచ్చేలోపు ఇది పూర్తి చేయాలి. అక్షరాలు గజిబిజిగా ఉంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

1. ఈ వీలునామాను అమలుపరిచే సర్వాధికారాలూ నా కోడలికి ఇస్తున్నాను. ఆమె ల్యాబులో రక్తం గొట్టాలకు చీటీలు అంటించే పనిలో ఉంది. ఒక చీటీ తారుమారైతే ఏమవుతుందో తెలిసిన మనిషి. సంతకం పెట్టేముందు చదివే అలవాటు మా ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. నేనంటే ఆమెకు పెద్ద ఇష్టమేమీ లేదు. అమలు చేయడానికి ఇష్టం అక్కర్లేదు.

2. కింది అంతస్తులోని కుట్టు గది, అందులోని మిషన్లు, మిగిలిన గుడ్డ తానులు నా తదనంతరం నా కూతురికి చెందవలసినవి. తను సూదిలో దారం కూడా ఎక్కించదని నాకు తెలుసు, అమ్ముకోవచ్చు. నా పెద్ద కత్తెర మాత్రం అమ్మకూడదు. దానితో పార్సిలు అట్టలు కోసిందని తెలిస్తే ఎక్కడున్నా లేచి వస్తాను. గిరగిరను కూడా నా కూతురికే రాసేదాన్ని. చిన్నది కళ్లలో పెట్టుకుని చూసుకునేది. కానీ కుక్క కావాలో గది కావాలో తేల్చుకోమని తను అద్దెకుండే ఇంటి ఓనరు మొహం మీదే చెప్పేశాడట. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చే పిల్ల, ఒక్క గదిలో ఇలాంటి కుక్కను పెట్టుకుని ఏం చేస్తుంది?

ఇలాంటి కుక్క అంటే ఎలాంటిదో తెలియనివాళ్ల కోసం ఇక్కడ రాయాలి. మా ఆయన పోయాక నేను కుర్చీకి అతుక్కుపోయానని, కాస్త నడుస్తానని, చిన్నదే దీన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చింది. బొమ్మలా ఉందని అందరూ ముద్దు చేశారు. బొమ్మ కాదది. దాని తాతముత్తాతలు పొద్దస్తమానం కొండవాలుల్లో పరుగులు తీసిన రకం. తెల్లారకముందే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఒళ్లు అలిసేదాకా పరిగెత్తించాలి. అదీ చాలదు, బుర్రకు పని కావాలి. మనం ఇవ్వకపోతే తనే వెతుక్కుంటుంది. మొదటి ఏడాది చెప్పులన్నీ తెచ్చి స్నానాలగది ముందు మందలా నిలబెట్టేది. తలుపు పిడి తిప్పడం నేర్చింది. ఇంటికొచ్చిన చుట్టాల చుట్టూ గిరగిరా తిరిగి అందరినీ ఒకే సోఫా మీదికి చేర్చేది. ఒకరు లేచి మంచినీళ్లకు వెళ్తే కాళ్లకు అడ్డం పడి వెనక్కి తెచ్చేది. చివరికి నేను దాన్ని పనిలో పెట్టుకున్నాను. నేల మీద పడ్డ పరదా రింగులు ఏరి డబ్బాలో వేయడం, గుడ్డ పేలికలు సంచిలోకి మోయడం దాని డ్యూటీ. జీతం అడగని పనిమనిషి అని నవ్వేదాన్ని. ఆ డ్యూటీ లేని రోజు అది మనిషిని బతకనివ్వదు.

3. గిరగిర కొరికిన సోఫాను నా ఆడపడుచుకు ఇస్తున్నాను. వయసొచ్చి మతి పోయింది కాబట్టే కుక్కను తెచ్చుకుందని నలుగురిలో అన్న మనిషి ఆవిడ. ఆ కొరికిన మూల మీదే కూర్చోవలసినదిగా నా కోరిక.

4. ఈ ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం నా కొడుకుకు సర్వహక్కులతో చెందవలసినది. అయితే గిరగిర తన ఆయుష్షు తీరి సహజంగా పోయేవరకు వాడు దాన్ని తన దగ్గరే పెట్టుకుని పోషించాలి. అలా చేయని పక్షంలో ఇల్లు నా కూతురికి చెందును.

ఈ నిబంధన రాసి, బిగుసుకున్న ముడి వేశాననుకుని వకీలుకు ఫోన్లో చదివి వినిపించాను. నేను పోయిన తరువాతే వీలునామాకు నోరు వస్తుందని ఆయన చెప్పాడు. నేను ఆసుపత్రి మంచం మీద ఊపిరితో ఉన్నంతసేపూ ఇది ఉత్త కాగితమట. వాళ్లు నా గుండె తెరిచి పెట్టుకున్న సమయంలో ఇక్కడ కుక్కకు సూది పడితే, అడిగే హక్కు ఈ కాగితానికి లేదు. గిరగిర బాల్కనీ తలుపు అద్దానికి ముక్కు ఆనించి నన్నే చూస్తోంది. నేను ఇంకో కాగితం తీసుకుని ఏం రాయాలో తెలియక కూర్చుండిపోయాను.

5. ఈ నిబంధన నా కొడుకు వచ్చిన తరువాత రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఉండాలని రాస్తున్నాను.

వాడు కుక్క మూతికి కట్టే తోలు తొడుగు పట్టుకుని వచ్చాడు. బల్ల మీద కాగితాలు చూశాడు. నేను దాచలేదు. నిలబడే చదివాడు. నాలుగో నిబంధన దగ్గర ఆగి తలెత్తాడు.

"నా కూతురి కాలికి వెల కడుతున్నావా అమ్మా?"

వాడు అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. వాడు మామూలుగా అడిగాడు.

పోయిన నెల నేను పరీక్షల కోసం ఆసుపత్రిలో ఉంటే, ఇల్లు చూడటానికి నా కొడుకువాళ్లు ఇక్కడికి వచ్చి ఉన్నారు. అంతకు ముందు వారమంతా ఆయాసంతో మెట్లు దిగలేక నేను గిరగిరను బయటికే తీసుకెళ్లలేదు. మా మనవరాలు చిట్టి ఈ నడవాలో పరుగులు పెట్టింది. పరిగెత్తేదాన్ని మళ్లించడమే ఈ జాతికి తెలిసిన విద్య. మళ్లకపోతే మడమ దగ్గర పంటితో గిల్లుతుంది. గొర్రెకు ఉన్ని ఉంటుంది, పిల్లకు ఉండదు. చిట్టి పిక్క మీద పళ్లు దిగాయి, కుట్లు పడ్డాయి. అది కరవడం కాదు, తోలడం అని నేను వందసార్లు చెప్పాను. గాయానికి ఆ తేడా తెలియదని నా కొడుకు అంటాడు. వాడి మాటా అబద్ధం కాదు.

మేమిద్దరం ఇలా ఎదురెదురుగా ఉండగానే వీధి తలుపు తెరుచుకుంది. కోడలు కింద బండి నిలుపుతుంటే చిట్టి ముందుగా పైకి వచ్చేసింది. వాళ్ల నాన్నను చూసి నడవా అవతలి కొస నుంచి పరుగు తీసింది. అదే సమయంలో బాల్కనీ తలుపు పిడి కిందికి దిగింది. గిరగిర లోపలికి వచ్చి, నడుము వంచి, తల నేలకు దించి, చూపు చిట్టి కాళ్ల మీద పెట్టి కదిలింది. ఆ నడక నాకు తెలుసు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఊపిరే వచ్చింది. నా గొంతు కోసం దాని చెవి ఒకటి నా వైపు తిరగడం కూడా చూశాను. అయినా నాకు మాట రాలేదు.

"పడుకో!"

అన్నది నా కొడుకు. మోటారు హోరులో లిఫ్టు గొయ్యి అడుగున ఉన్న సహాయకుడికి వినపడేలా పిలిచే గొంతు వాడిది. గిరగిర ఉన్నపళంగా నేలకు అంటుకుపోయింది. చిట్టి దాని పక్కనుంచే పరిగెత్తుకుంటూ వచ్చి వాళ్ల నాన్న నడుము పట్టుకుంది. కుక్క కదల్లేదు. తరువాతి మాట కోసం వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

వాడు కుర్చీలో కూర్చున్నాడు. తన మాట అది వింటుందని తనకు తెలియదన్నాడు. ఎలా తెలుస్తుంది? నా గొంతు తప్ప ఇంకో గొంతు దానికి వినపడకూడదని నేను పెట్టిన కట్టడి ఇంట్లో అందరికీ తెలుసు. మందకుక్కకు ఆజ్ఞలిచ్చే గొంతు ఒక్కటే ఉండాలని దీనికి శిక్షణ ఇచ్చినాయన చెప్పాడు. గొర్రెల కాపరికి అది సరైన మాటే. నేను మూడు గదుల ఇంట్లో దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను. అందుకే పోయిన నెల ఇంటినిండా మనుషులుండి కూడా దానికి ఒక్క మాట చెప్పిన నాథుడు లేడు.

కోడలు గుమ్మంలోనే ఆగి అంతా చూసింది. లోపలికి వచ్చి, చిట్టి కాళ్లు రెండూ తడిమి చూసి, అప్పుడు నాతో అంది: "నాకు దాని పళ్లంటే కాదు అత్తయ్యా భయం. మీరు లేనప్పుడు అది ఎవరి మాటా వినదని భయం."

ఇన్నాళ్లకు ఆవిడ భయమేమిటో నాకు తెలిసింది. నేనెప్పుడూ అడగనూ లేదు.

6. నాలుగో నిబంధనలో "అయితే" అన్నచోటి నుంచి చివరిదాకా కొట్టివేశాను. కొట్టివేత పక్కన సంతకం చేశాను. ఇల్లు ఏ షరతూ లేకుండా నా కొడుకుది. కుక్కను పెంచినా పెంచకపోయినా వాడిదే.

7. నా చరాస్తుల్లో నాలుగు మాటలు ఉన్నాయి. "చుట్టు" అంటే దూరంగా తిరిగి అవతలి వైపుకు వెళ్లమని. "ఆగు" అంటే ఉన్నచోట నిలబడమని. "పడుకో" ఏమిటో అందరూ చూశారు. "చాలు" అంటే పని అయిపోయింది, అన్నీ వదిలేసి పిలిచినవాళ్ల వెంట నడవమని. ఈ నాలుగింటినీ నా కొడుకుకు, కోడలికి, కూతురికి, మనవరాలికి విడదీయరాని ఉమ్మడి ఆస్తిగా ఇస్తున్నాను. వకీలు చెప్పిన చిక్కు ఉంది కాబట్టి నా తదనంతరం దాకా ఆగలేదు. ఇప్పుడే, ఈ బల్ల దగ్గరే, అందరికీ చదివి వినిపించి స్వాధీనం చేశాను. కోడలు ఒక్కో మాటా మళ్లీ చెప్పించుకుని కాగితం మీద రాసుకుంది. నా కూతురికి ఫోన్లో చెప్తే ఏడ్చింది.

8. గిరగిరను నేను ఎవరికీ రాయలేదు. నా కొడుకును అడిగాను, అంతే. బతిమాలాను అని రాసినా తప్పు లేదు. వాడు హామీ ఏమీ ఇవ్వలేదు. తోలు తొడుగును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. కోడలు వాడి వైపు చూసింది. వాడు చిట్టి వైపు చూశాడు. తరువాత అడిగాడు.

"పొద్దున దీన్ని ఎన్నింటికి తిప్పాలి?"

వెలుతురు రాకముందే అన్నాను. తన పని మొదలయ్యేలోపు కుదురుతుందన్నాడు, పొద్దువాలాక కోడలు చూసుకుంటుందన్నాడు. కోడలు తన వంతు తనను అడగకుండా పంచినందుకు వాడిని ఒక్క చూపు చూసి, సరేనంది. తొడుగు ఇక్కడే వదిలేశాడు. దాన్ని ఎవరికీ రాయడం లేదు.

వాళ్లు బయల్దేరారు. గిరగిర గుమ్మం దగ్గర కూలబడింది. మందలో ఒకరు వెనక మిగిలిపోతే ఆ జాతి కదలదు. నా కుర్చీ దగ్గరికీ వాళ్ల దగ్గరికీ తిరుగుతూ నన్ను కూడా తోలుకెళ్లాలని చూసింది. నా కొడుకు తాడు లాగాడు. నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు. చెప్పలేకపోయాను, ఈసారి ఆయాసం వల్ల కాదు. చిట్టి వాళ్ల నాన్న చేయి వదిలి, దాని పక్కన వంగి, మెల్లగా "చాలు" అంది.

గిరగిర లేచి చిట్టి వెంట మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పై ఎనిమిది నిబంధనలూ నా ఇష్టపూర్వకంగా రాసి, చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను. కోపం ప్రస్తుతం లేదు.

తేదీ: ఈ నెల పద్నాలుగు, గురువారం, దీపాలు పెట్టేవేళ.

(సంతకం) పరదాలమ్మ

సాక్షులు:
1. కింద వీధిలో తాళంచెవులు చేసే ఆయన. ఈ ఆస్తిలో భాగం లేనివాడు.
2. పక్కింటి లెక్కల టీచరమ్మ. ఈ ఆస్తిలో భాగం లేనిది. నేను సంతకం చేస్తుంటే నా చేయి పట్టుకున్నది.