ఐదుతో భాగించిన పిల్ల

టెక్కలి,
జూలై 14, 2024.

జగన్నాథరావు మాస్టారికి,

పాదాలకు నమస్కారం అని మొదలుపెట్టడం మర్యాద. నా నమస్కారం మాత్రం చేతుల వరకే. మీరూ, మేడమ్ గారూ కులాసా అని తలుస్తాను. నేను బాగున్నాను. ఇక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను.

మీ పదవీ విరమణ సన్మానం కార్డు అందింది. మీ ఫొటో కింద ‘భౌతికశాస్త్ర శిఖరం’ అని అచ్చు వేయించారు. నవ్వొచ్చింది. వేదికెక్కి మీ గొప్పతనం చెప్పమని ఫోన్‌లోనూ అడిగారు. “నా శిష్యుల్లో లెక్చరరయినదానివి నువ్వొక్కత్తివే గదమ్మా” అన్నారు. ముప్ఫై ఏళ్లలో ఒక్కరు! పైకి చెప్పుకోవడానికి సిగ్గు కూడా వేయలేదు మీకు.

నేను రాను. ఎందుకో వినండి.

2011లో కాశీబుగ్గలో మా సీనియర్ ఇంటర్ క్లాసు. బోర్డు మీద (1, 2) దగ్గర బిందు ఆవేశం పెట్టి, (4, 6) దగ్గరున్న బిందువు వైపు యూనిట్ వెక్టర్ కనుక్కోమన్నారు. అంటే ఆ దిక్కే చూపిస్తూ, పొడవు సరిగ్గా ఒకటి ఉండాలి. వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే గౌరి లేచింది. అటు మూడు, ఇటు నాలుగు, దూరం ఐదు. ఐదుతో భాగిస్తే మూడు బై ఐదు, నాలుగు బై ఐదు అని చెప్పింది. మీరు పగలబడి నవ్వారు. “యూనిట్ అంటే ఒకటి గదేటి? బిన్నాలు రాత్తావేటి?” అని, అటొకటి, ఇటొకటి రాశారు. గౌరి ఊరుకోలేదు.

“దాని పొడుగు ఒకటి రాదు సార్. ఒకటీ పాయింటు నాలుగొత్తాది, సూడండి” అంది.

తెలియకపోవడం తప్పు కాదు. పిల్లలు అడిగింది రాకపోతే నేనూ రాదనే చెప్పి, ఇంటికెళ్లి చదువుకొస్తాను. మీరేం చేశారు? ఆ పిల్లని బెంచీ ఎక్కించారు. వాళ్ల నాన్న కూర్మారావుని కొబ్బరితోటలోంచి పిలిపించి, “మీ గుంటకి లెక్కలు అబ్బవు, మానిపించీయండి” అన్నారు. చదువురాని ఆ మనిషి మీకు దండం పెట్టి మరీ కూతుర్ని తీసుకెళ్లాడు. మీ తప్పు దిద్దడానికి డస్టరు చాలు. అది ఎత్తడానికి కూడా మీ చెయ్యి లేవలేదు.

కిందటి నెల పూండి స్టేషన్లో గౌరి కనబడింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పని చేస్తోంది. రైలెక్కబోతూ అడిగింది: “పమోదినీ, ఆ లెక్క నాను తప్పే సేసినానేటే?”

పదమూడేళ్లుగా దానికి అదే ధ్యాస. మీకేమో శాలువా ధ్యాస.

పొగడ్తలకు ఇంకెవరినైనా చూసుకోండి. అటొకటి, ఇటొకటి కలిసి ఒకటేనని నమ్మేవాళ్లు మీ క్లాసుల్లోంచి చాలామందే వచ్చి ఉంటారు.

ఇట్లు,
మీ శిష్యురాలినని ఎక్కడా చెప్పుకోని
ప్రమోదిని

తా.క.: ఆ రోజు నా నోట్సులోనూ మూడు బై ఐదు, నాలుగు బై ఐదు అనే ఉంది. “గౌరిది రైటన్నోలు సెయ్యెత్తండి” అని మీరడిగారు. నేను నా జవాబు కొట్టేసి, మీ జవాబు రాసుకుని, తలొంచుకు కూర్చున్నాను. పూండిలో గౌరి అడిగినప్పుడు కూడా గుర్తులేదనే అన్నాను. ఈ ఉత్తరం నకలు, ఈ నాలుగు ముక్కలతో సహా, దానికీ పంపుతున్నాను. ఆ నకలు పైన మాత్రం ఒక్క మాట అదనంగా రాశాను: నీ లెక్క రైటే.